సోలెడు ఉప్పు బరువు

రాజ్యలక్ష్మి అక్కకు,

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. కోప్పడకుండా చదువుకో.

ఈ ఏడు మా అత్తగారు ఆవకాయ నా చేత పెట్టించారు. ఉప్పు, కారం, ఆవపిండి అమ్మ ఒక్కో సోల చొప్పున కొలిచి పోసేది కదా. ఇక్కడ అత్తగారు, "దుకాణం ఉన్నోళ్ళకు సోలలెందుకే? తక్కెడలో తూచు" అన్నారు. కొలతలో సమానమైనవి తూకంలోనూ సమానమేననుకుని, మూడూ ఒక్కో కిలో తూచి కలిపాను. ఉప్పు బరువైనదని, కిలోకు కొంచెమే వస్తుందని తోచలేదు. ఉప్పు చాలక జాడీ అంతా బూజు పట్టింది.

"ముట్టుతో తాకినావు గదా?" అని అత్తగారు అందరి ముందూ అడిగారు. తూకం సంగతి చెబితే, పోయిన అమ్మను పట్టుకుని "ఇదేనా నేర్పింది?" అంటారు. అందుకే తాకానని ఒప్పుకున్నాను. అప్పటినుంచి నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. వసారాలోనే అన్నం పెడుతున్నారు. ఆయన చూసి కూడా ఏమీ అనరు.

అమ్మ సోల నీ దగ్గరే ఉంది. దాని నిండా ఉప్పు ఎంత తూగుతుందో, కారం ఎంత తూగుతుందో రాయి. ఇక నన్ను పచ్చడి పెట్టనివ్వరు, అయినా తెలుసుకోవాలని ఉంది.

బావగారు ఇది చదివితే నా తరఫున మాట్లాడటానికి వస్తారు. చదవగానే పొయ్యిలో వేసెయ్యి అక్కా.

నీ చెల్లెలు