కొబ్బరినూనె పూసిన తుపాకీ

ఎమ్మిగనూరులో ఉన్న మా పెద్దన్నకు, వదినమ్మకు ఢిల్లీ నుంచి తమ్ముడు ఈరన్న రెండు చేతులెత్తి మొక్కి రాస్తున్నాను. నేనూ నా బిడ్డ సువర్ణా ఒంట్లో బాగుండి ఉన్నాము. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినను కంటి చుక్కల మందు మానొద్దని చెప్పు. ఫోనులో నీకు సగమే వినబడుతుంది, ఆ సగాన్నీ వదిన తనకు నచ్చినట్టు మార్చి చెబుతుంది. అందుకే ఇంత ఉత్తరం. సంతోషం పట్టలేక రాస్తున్నాను, అక్షరాలు వంకర పోయినా ఏమనుకోవద్దు.

ముందు వదిన భయం తీరుస్తాను. నా కూతురు పిట్టలను చంపుతోందని వీధిలో ఎవరో అన్నారట. పిట్టలు కాదు వదినా. టీ సాసరంత మట్టిబిళ్ళ. మిషను దాన్ని గాలిలోకి విసురుతుంది, కిందపడేలోగా పేల్చాలి. తగిలితే ఇంత పొడి లేస్తుంది, అంతే. పాపం లేదు, రక్తం లేదు.

ఇక్కడ చలి మామూలుగా లేదు. పొద్దున్నే మంచులో ఎదురింటి గేటు కూడా కనబడదు. రెండు స్వెట్టర్ల మీద నువ్వు నేసిన దుప్పటి కప్పుకొని తిరుగుతుంటే నన్నెవరో సాధువు అనుకుని దండం పెట్టారు. తిండికి లోటు లేదు. కానీ అన్నీ గోధుమ రొట్టెలే. ఉగ్గాని చేసుకుందామని బొరుగులు తెచ్చి నానబెడితే ముద్దయిపోయాయి. మన ఆదోని బొరుగులు ఇక్కడ యాడ దొరుకుతాయి? మీరు దిగులు పడొద్దు, బాగున్నాను, నిజంగా బాగున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెలలో ఆ బిళ్ళలు పేల్చే జట్టుకు ఎంపిక పోటీ ఉండింది. నెగ్గితే సువర్ణ ఏడాదంతా ఇక్కడే శిక్షణలో ఉండాలి. ఓడితే ఇద్దరమూ మూటలు సర్దుకుని ఆదోని స్టేషనులో దిగేవాళ్ళం. పిల్ల ఒక్కతే ఉంటానంటుంది, తల్లి లేని పిల్లను నేను వదల్లేను. నిజం చెబితే తిడతావేమో అన్నా, పోటీ దగ్గరపడే కొద్దీ నా మనసు రెండు వైపులా లాగింది. దేవుడి ముందు నిలబడితే పిల్ల గెలవాలని నోరు అడిగేది, మన వీధి మగ్గాల చప్పుడు కావాలని లోపల ఇంకేదో అడిగేది.

ఇన్నేళ్ళూ అరువు తుపాకీలతో నేర్చుకున్న పిల్లకు పోటీకి నెల ముందు సొంత తుపాకీ వచ్చింది. ఒకదానిమీద ఒకటి రెండు గొట్టాలు. నడుము దగ్గర వంచి లోపల తూటాలు పెట్టాలి. కొత్తది కదా, రాయిలా బిగువు. వంచడానికి బొటనవేలితో ఒక మీట నెట్టాలి, అది కదలదు. పూటకు నూరుసార్లు వంచి, మూసి, పిల్ల మణికట్టు వాచిపోయింది. చేయి అలిసి బిళ్ళలు తప్పిపోతున్నాయి. “దాన్ని పక్కన పెట్టి పాతదే పట్టు” అన్నాడు కోచ్. పాతది ఆమె భుజానికి పొడుగు.

నేను ఊరుకోలేకపోయాను. తుపాకీ లైసెన్సు ఆమె పేర ఉంది, ఆమె ఎదుట ఉంటేనే నేను ముట్టుకోవాలి. ఒక సాయంత్రం “పాపా, రెండు సుక్కలు నూనె ఎయ్యనా?” అన్నాను. పుస్తకంలోంచి తలెత్తకుండానే “ఎయ్యి నాయనా” అంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెను తట్టే కడ్డీ బిగుసుకుంటే మనమేం చేస్తాం? కొబ్బరినూనె పూస్తాం. అదే పూశాను. సీసాను పొయ్యి పక్కన పెట్టుకుంటాను కాబట్టి నూనె నీళ్ళలా ఉంది. పొద్దున మైదానంలో ఆ చలికి తుపాకీ వంగమంటే వంగలేదు, వంగినది మూసుకోలేదు.

“నాయనా, ఏం పూసినావు?”

“మన నూనేనమ్మా. తలకు పెట్టుకునేది.”

“ఇదేమన్నా మగ్గమా నాయనా! ఈ సలికి గడ్డ కట్టకుండా ఉంటాదా?”

ఇంటి మీద బెంగే నా చేతికెక్కి ఈ పని చేయించిందా అనిపించింది. నా ముఖం చూసి పిల్లే నవ్వేసింది. “ఏడ్వాకు, దానికీ తలంటు పోసినావులే” అంది.

అక్కడ తుపాకీలు బాగుచేసే ముసలి సర్దార్జీ ఒకాయన ఉన్నాడు. ఆదోని మార్కెట్టులో నేర్చిన నా ఉర్దూకు ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతాడు. తుపాకీ విప్పి, లోపల తెల్లగా పేరుకున్నది చూపించి, “ఇది నూనె కాదు చాచా, వెన్న” అన్నాడు. అంతా తుడిచి, వంగే కీలు మీద మాత్రం బొట్టు పెట్టినంత గ్రీజు రాశాడు. ఎవరు చెప్పినా ఆకురాయి పెట్టొద్దన్నాడు, అరిగిన ఇనుము తిరిగి రాదట. మందు లేని ఉత్తుత్తి తూటాలు రెండు ఇచ్చాడు. అవి పెట్టి ట్రిగ్గరు నొక్కడం, వంచడం, మూయడం, ఇదే పని. తుపాకీ వెనక చెక్క మడమను మోచేతి కింద నడుముకు అదిమిపెట్టి, మీట నెట్టి, గొట్టాల బరువుతోనే వంగనివ్వాలి. మణికట్టుతో లాగకూడదు. మూసేటప్పుడు టపీమని కొట్టకూడదు.

మూడు వారాలు, రోజూ సాయంత్రం, పిల్ల ఎదురుగా చదువుకుంటుంటే నేను వంచుతూ మూస్తూ కూర్చున్నాను. మొదటి రోజు నా వేలు కమిలిపోయింది. కొత్త మగ్గం తొక్కుడుపలక కాలికి అలవాటయ్యే ముందు ఒక మెత్తదనం వస్తుంది చూడు, అట్లాంటిది ఒకరోజు చేతికి తెలిసింది. తుపాకీ పిల్లకిచ్చాను. వంచింది. మళ్ళీ వంచింది. “నాయనా, ఇది మాట ఇంటాంది!” అని ఎగిరింది.

అన్నా, పిల్ల జట్టులోకి వచ్చింది! మన సువర్ణ! చివరి వరస బిళ్ళలప్పుడు ఆమె తుపాకీ వంచే తీరు చూడాల్సింది నువ్వు, అరిటాకు మడిచినట్టు. నేను దుప్పటి గాల్లో ఊపి అరిచాను. సర్దార్జీ నన్ను ఎత్తి తిప్పాడు. ఆ రోజు నా లోపల రెండు వైపులా లాగినవి రెండూ కలిసి నవ్వాయి, ఏడ్చాయి.

కాబట్టి ఎప్పుడొస్తావని అడగొద్దు. వచ్చే చలికాలం దాకా రాలేను. నా మగ్గం అంతకాలం ఖాళీగా ఉండకూడదు. నీ చిన్నకోడలు లక్ష్మిని కూర్చోబెట్టు. ఈ ఉత్తరం చదివి వినిపించేది ఆమే కాబట్టి ఆమెకే చెబుతున్నాను. అమ్మా లక్ష్మీ, మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంట నా కాళ్ళ కొలతకు తవ్వింది, నీ పాదం తొక్కుడుపలకకు అందదు. మొహమాటపడకుండా అడుగున మట్టి పోయించుకో. నేను వచ్చినప్పుడు ఆ మట్టి తీయొద్దు. నీ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టి ఇస్తాను.

మీ ఇద్దరి చేతులు పిల్ల తల మీద ఉన్నాయనుకుని ఆమెను దీవించండి. వీధిలో పెద్దలందరికీ నా మొక్కులు చెప్పండి.

మీ పాదాల దగ్గరే మనసు పెట్టుకున్న
తమ్ముడు
ఈరన్న