కాగితం కింది సగం

సూర్యాపేట,
12-8-1991, సోమవారం.

బామ్మర్ది యోహానుకు నీ బావ ముత్తయ్య రాయునది.

ఎవరికి ఉత్తరం రాసినా ముందు ప్రభువు కృప, సమాధానం కోరి, ఆ తర్వాతే సంగతిలోకి పోవడం నా అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే చెయ్యి కదలలేదు. కృప సంగతి ఆయన చూసుకుంటాడు. సమాధానం నీ దగ్గర ఎట్లాగూ లేదు.

ఇక్కడ నేను, మీ అక్క జానమ్మ బాగున్నాం. నీ భార్య సైదమ్మ మిర్యాలగూడ మిల్లులో వడ్లు ఆరబోసే పనికి పోతున్నదని విని మీ అక్క ఒక పూట అన్నం ముట్టలేదు. నువ్వు సస్పెండై అత్తగారింట్లో కూర్చున్నావు, ఆమె ఎండలో కాళ్లతో వడ్లు తిరగేస్తున్నది. ఉసిరికాయ తొక్కు పంపిస్తానంటున్నది మీ అక్క. నేను వద్దనలేదు. సంఘం సంగతి చెప్పాలంటే, జూలై మొదట్లో మైకు, గుడి కప్పు మీదికి పెద్ద గొట్టం కొన్నాం. ఇప్పుడు వాక్యం పోస్టాఫీసు దాకా వినబడుతున్నదని అందరి సంతోషం.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇరవయ్యో తారీఖున కోదాడలో విచారణ అని రాశావు. ఆ కాగితం కింది సగం నా పొయ్యిలోనే కాలిందని నేను వచ్చి సాక్ష్యం చెప్పాలన్నావు. చెప్పకపోతే ఉద్యోగం పోవడమే కాదు, మోతె జంగయ్య చావు కూడా నీ మెడకు చుడతారన్నావు. మూడు సార్లు చదివాను. నా జవాబు ఒకటే. నేను రాను.

ఎందుకు రానో చెప్తాను, కూర్చొని చదువు.

జూలై ఐదో తారీఖు మధ్యాహ్నం అన్నం వేళకు నువ్వు నా ఇంటికి వచ్చావు. టిఫిన్ గిన్నె అడుగున మడిచి ఆ కాగితం తెచ్చావు. మీ పోలీసాఫీసులో నువ్వే టైపు కొట్టిన కాగితం. పైన అతి రహస్యం అని ఎర్ర ముద్ర. దాని కింద, ఆదివారం తెల్లవారేలోపు పట్టుకు రావలసిన నలుగురి పేర్లు. మొదటి పేరు తుంగతుర్తి దగ్గరి తండాలో ఉండే గౌరీబాయి కొడుకు చంద్రుది. ఆ నాలుగు పేర్ల కింద ఒక అడ్డగీత. గీత కింద, ఈ సమాచారం ఇచ్చినవాడు: జంగయ్య, సైకిల్ షాపు, మోతె.

ఆ తండాలో అంతకు ముందు పట్టుకుపోయిన ఇద్దరు మళ్లీ ఇంటికి రాలేదు. అది నీకు తెలుసు, నాకు తెలుసు, తండాలో మేకలకు కూడా తెలుసు. చంద్రు చేసిన నేరమల్లా అడవిలోని దళం వాళ్లకు రెండు పూటలు అన్నం పెట్టడం. తుపాకి భుజాన వేసుకొని వచ్చి బువ్వ పెట్టమంటే నువ్వు పెట్టవా, నేను పెట్టనా?

బావా, ఏం జెయ్యాలెనో జర చెప్పు అని అడిగావు. చెప్పినవాణ్ణి నేనే, కాదనను. సౌలు రాజు దావీదును చంపాలని ఇంట్లో కూర్చొని ఆలోచన చేస్తే, రాజు కొడుకు యోనాతానే పొలంలోకి పోయి, బాణాలు వేసి, ఆ గుర్తుతో స్నేహితుణ్ణి తప్పించాడు. తండ్రి రహస్యం, రాజ్యం రహస్యం, రెండూ బయటపెట్టాడు. దేవుడు అతణ్ణి ఒక్క మాట అనలేదు. నువ్వు కూడా పోయి చెప్పు, ప్రాణం నిలబెట్టు అన్నాను.

ఉత్త మాట చెప్తే పోలీసాఫీసు గుమస్తాను ఎవడు నమ్ముతడు బావా, ముద్ర సూపియ్యాలె అన్నావు. నేను గడ్డం గీసుకునే బ్లేడు తీసుకొని కాగితాన్ని ఆ అడ్డగీత దగ్గర కోశావు. పై సగం జేబులో పెట్టుకున్నావు. కింది సగం నా చేతికిచ్చి, దీన్ని పొయ్యిల వెయ్యి, అక్కకు గూడ సూపియ్యకు అన్నావు. వేశాను. వేసే ముందు చదివాను. ఎవరి కోసం మోకరించాలో బోధకుడికి తెలియాలి కదా.

అంతవరకు నువ్వు యోనాతానువే. నా కళ్ల ముందు ఉన్న బామ్మర్దిని చూసి నాకు గర్వం కూడా కలిగింది. ఆదివారం తెల్లవారుజామున జీపులు పోయేసరికి తండాలో ఆ నాలుగు గుడిసెలు ఖాళీ. చంద్రు బతికాడు.

మరి ఆ గురువారం ఏమైంది? పట్టపగలు, షాపు ముందర, చేతిలో పంక్చర్ ట్యూబు ఉండగానే జంగయ్యను చంపారు. పోలీసు కుక్క అని చీటీ రాసి గుండెల మీద పెట్టారు. ఆ చీటీ నేను చూశాను. ఆయన భార్య బుచ్చమ్మ దాన్ని తీయనియ్యలేదు, ఆయన చొక్కాకే అదిమి పట్టుకొని కూర్చున్నది.

కింది సగం నా పొయ్యిలో బూడిద అయింది. మరి ఆ పేరు అడవికి ఎట్లా పోయింది? రెక్కలొచ్చి ఎగిరిందా? టైపు కొట్టేటప్పుడు కింద కార్బన్ పెడతారని నాకు తెలియదనుకున్నావా? కార్బన్‌ను ఆ రోజే ముక్కలు చేసి మురికినీళ్ల మోరీలో వేశానని ప్రమాణం చేస్తున్నావు. ఎవరు చూశారు? మోరీ వచ్చి సాక్ష్యం చెప్తుందా? ఒక ప్రాణం కాపాడిన మోజులో రెండో కాపీ కూడా ఎవరికో చూపించావు. ఎదోమీయుడైన దోయేగు చేసింది అదే. యాజకుడు అహీమెలెకు ఆకలితో వచ్చిన దావీదుకు రొట్టె ఇవ్వడం చూశాడు, పోయి సౌలు చెవిలో వేశాడు. ఎనభై ఐదుగురు యాజకులు ఒక్క రోజున కత్తికి పోయారు. అతను చెప్పిన మాటలో అబద్ధం ఒక్కటి లేదు. నిజాన్నే తీసుకుపోయి చంపేవాడి చేతిలో పెట్టాడు. నా నాలుక మీద ఆ పేరు వస్తేనే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

నీ చంద్రు ఘనకార్యం కూడా విను. ముద్ర ఉన్న పై సగాన్ని కాల్చమంటే కాల్చకుండా పేపరాయనకు ఇచ్చాడు. వాళ్లు ఫోటో తీసి వేశారు. టైపు నీదని తెలిసి అక్కడే నువ్వు దొరికిపోయావు. ఆ రోజు బస్టాండు ముందర చాయ్ హోటల్లో కూర్చున్నాను. మిలిటరీలో చేసి వచ్చిన పాపయ్య, గిసొంటి కాయితం మా యూనిట్‌ల బయటికిస్తే కోర్టు మార్షలే, దేశం గుట్టంటే ఆటలా అని బల్ల గుద్దాడు. బడి సారు గౌరయ్య, బయట పడవట్టికే నలుగురు బతికిండ్రు, తండ దేశంల లేదా అని ఎగిరాడు. మరి మోతె లేదా, గా జంగడు పాకిస్తానోడా అని పాపయ్య. నీ మిలిటరీ కతలు ఆపు, అని గౌరయ్య. లెక్క సమానమైంది గదా, ఇగ ఇంకో చాయ్ చెప్పుండ్రి అని మూలన ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికి జంగయ్య దినాలు కూడా కాలేదు. నేను చాయ్ సగంలో వదిలి లేచి వచ్చాను. 

ఎవరిని చూసినా నాకు రోతగానే ఉంది యోహానూ. ఒకే కాగితం, ఒకే ఎర్ర ముద్ర. గీత పైన మనుషుల్ని మాయం చేసే పని, గీత కింద ఒక బక్క మనిషి ప్రాణం. రెంటికీ దేశ రక్షణ అనే పేరే పెట్టారు. పైదాన్ని దాచాలని చూసినవాళ్లను తలుచుకుంటే రోత. కిందిదాన్ని దాచడం చేతకాక పేరు, ఊరు, షాపు అన్నీ విడమరిచి టైపుకు పంపిన అధికారిని తలుచుకుంటే అంతకన్నా రోత. పేదల కోసమే తుపాకి పట్టామని చెప్పి పంక్చర్లు వేసుకునేవాణ్ణి చంపినవాళ్ల మొహం చూడబుద్ధి కాదు. ఇంతమందిలో నీ మీదే ఎక్కువ ఎందుకంటావా? నువ్వు నావాడివి. వడ్ల బస్తాలు మోసే హమాలీనైన నన్ను, ముప్పై ఏళ్లు వచ్చినా వేలిముద్ర వేసే నన్ను, ఏడో తరగతి చదివే నువ్వు పలక ముందు కూర్చోబెట్టావు. బావా, అ అను, సిగ్గెందుకు అన్నావు. ఈ రోజు నేను వాక్యం చదువుతున్నానంటే అది నీ చలవే. అట్లాంటివాడివి ఇట్లా చేస్తావా?

జంగయ్యను నువ్వు అమ్మావు, నేను మాత్రం కాయాలని చూశాను. ఏడో తారీఖు ఆదివారం నువ్వు ఆరాధనకు రాలేదు. నిండు సంఘం ముందు ఆయన పేరు పెట్టి ప్రార్థించాను. ప్రభువా, భయపడకుండా సర్కారుకు నిజం చెప్పిన నీ బిడ్డ మోతె జంగయ్య చుట్టూ కంచె వెయ్యి అని గొంతు పోయేదాకా అడిగాను. ఆమెన్ అని అందరూ అన్నారు. కంచె వేసేలోపే నీ కార్బన్ పోయి చేరింది.

కోదాడకు నేను రాను. నీ పాపం నువ్వే ఒప్పుకో.

ఇట్లు, మనసు విరిగిన
నీ బావ
ముత్తయ్య

తా.క.
15-8-1991, గురువారం.

ఈ ఉత్తరం మంగళవారమే డబ్బాలో వేయవలసింది. కవరు అంటించబోతూ ఆగాను. కార్బన్ సంగతి బుచ్చమ్మ ఏమైనా విన్నదేమో, అడిగి వస్తే నా మాటకు బలం ఉంటుంది కదా అనుకున్నాను. ఇవాళ మోతె పోయాను.

బడిలో జెండా పండుగ. నేను గడపలో కూర్చొని బుచ్చమ్మ ఇచ్చిన నీళ్లు తాగుతుండగా బడి మైకులో పాట మొదలైంది. ఆమె గబుక్కున లేచి తలుపు మూసింది. ఎందుకమ్మా అన్నాను. గడియ పెట్టి వచ్చి కూర్చున్నది. తర్వాత చెప్పింది. మైకు మోగితే నాకు గుండె దడ అయ్యా. గా ఐతారం ఆయన ట్యూబులు కొననీకి సూర్యాపేట వొచ్చిండు. మీ గుడి ముంగట రోడ్డు మీద వోతాంటే మైకుల ఆయన పేరు వినవడ్డదంట, ఊరు పేరుతోని సహా. సైకిల్ పట్టుకొని గాడనే నిలవడ్డడంట. ఇంటికొచ్చి బువ్వ దినలే. అయ్య నా మంచికే అడిగిండు గాని, ఇగ నేను ఖతం అన్నడు. ఎటన్న పోదాం పా అంటే, షాపు ఇడిసి యాడికి వోదాం అన్నడు.

మర్నాడు ఇద్దరు వచ్చారట. సూర్యాపేటల నీ పేరు మోగిందంట గదా, సర్కారుకు ఏం నిజం జెప్పినవు అని అడిగి పోయారట. గురువారం మళ్లీ వచ్చారు.

భయపడకుండా చెప్పిన బిడ్డ అని నేను మైకులో పొగిడాను చూడు, అది కూడా నిజం కాదు. పోలీసులు రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, కొట్టి, ఆయన నోటి నుంచి చంద్రు పేరు లాగారట. ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదేమమ్మా అన్నాను. దేవుని ముంగట అడిగిన మాట మీద నేరం మోపుతరా అయ్యా అన్నది.

కార్బన్ ఎక్కడికీ పోలేదు యోహానూ. నువ్వు చెప్పినట్టే మోరీలో కుళ్లిపోయింది.

దోయేగు ఆ రొట్టె సంగతి చూసింది కూడా దేవుని గుడిలోనే. పైన అతని గురించి అంత రాసి ఆ ఒక్క ముక్క వదిలేశాను. చచ్చిన యాజకుడి కొడుకు పారిపోయి వచ్చినప్పుడు దావీదు తప్పు వేరేవాళ్ల మీద వెయ్యలేదు. నీ తండ్రి ఇంటివాళ్లందరి చావుకు నేనే కారణం అన్నాడు. ఆ మాట నేను బుచ్చమ్మతో అన్నాను. ఆమె లేచింది. నా చేతిలో గ్లాసు తీసుకొని, కడిగి, బోర్లించింది.

ఇంటికి రాగానే గొట్టం దింపించాను. ఆదివారం సంఘానికి నా గొంతుతోనే చెప్తాను. మీ అక్కకు ఇప్పుడే చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు, తొక్కు జాడీకి మూత కట్టి నా సంచిలో పెట్టింది, నువ్వే తీస్కపోయి ఇయ్యి అన్నది.

ఇరవయ్యో తారీఖు మొదటి బస్సుకు కోదాడ వస్తాను. నువ్వు హుజూర్‌నగర్ మీదుగా దిగేసరికి బస్టాండులో ఉంటాను. చంద్రుకు చెప్పమన్నది నేనని, కింది సగాన్ని చదివింది, కాల్చింది, ఆ పేరు ఊరంతా వినేట్టు అరిచింది నేనని చెప్తాను. తండాకు కబురు మోసినందుకు నిన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. జంగయ్య చావు మాత్రం నీ మెడ నుంచి తీయించి వస్తాను. ఆ తర్వాత నాకేమైనా కానీ.

పైన రాసిన కాగితాలు చింపేద్దామనుకొని చింపలేదు. ఉన్నవి ఉన్నట్టే పంపిస్తున్నాను. నిన్ను అన్న చోటల్లా నీ పేరు కొట్టేసి నా పేరు పెట్టుకొని చదువు.

ముత్తయ్య