చదివేవాడి వాటా

ఒట్టెన్సెన్, 3 అక్టోబర్ 1887, సోమవారం

నిన్న పుస్తకంలో తర్వాతి అధ్యాయం చదవకుండా ఉండాల్సింది. రేపు ఏం చదవాలో ముందే చూసుకోవడం నా అలవాటు, అదే కొంప ముంచింది.

పీటర్సన్ గారి పై గదిలో పదకొండుమంది చుట్టలు చుడతారు. నేను కుర్చీలో కూర్చుని చదువుతాను. నా వాటా చుట్టలు వాళ్ళే తలా కొన్ని ఎక్కువ చుట్టి నా గంపలో వేస్తారు; పీటర్సన్ గారు కూలి ఇచ్చేది గంప లెక్కన. ఈ ఊళ్ళో చుట్టల పని జరిగే ప్రతి చోటా ఇదే పద్ధతి. నేను మొదలుపెట్టిందేమీ కాదు. కానీ తొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నది మాత్రం నేనే.

ఇప్పుడు చదువుతున్నది శ్రమ గురించిన పుస్తకం. నిషేధించిన పుస్తకం కాబట్టి పంచాంగం అట్టలో పెట్టుకున్నాను. తలుపు పక్కన ఆకు ఈనెలు తీసే వీబ్కె, యజమాని మెట్లెక్కుతుంటే దగ్గుతుంది. వెంటనే నేను పేపర్ అందుకుని రేవుకొచ్చిన ఓడల పేర్లు చదువుతాను. దొరికితే జైలే. ఆ భయం నాకు అలవాటైపోయింది.

ఈ భయం వేరు. ఆ అధ్యాయంలో ఇలా ఉంది: చేతులతో ఏదీ తయారుచేయకుండా, తయారుచేసేవాడి వాటాలో తినేవాడు ఎంత మంచివాడైనా సరే, అవతలివాడి బతుకులోంచి గంటలు కోసుకుంటున్నట్టే.

గదిలో అలాంటివాడు నేను తప్ప ఇంకెవరున్నారు?

4 అక్టోబర్

అందరూ విని ఊరుకునేవాళ్ళే అయితే పర్వాలేదు అనుకునేవాణ్ణి. లూర్స్ ఉన్నాడే! బ్రెమెన్ నుంచి వేసవిలో వచ్చాడు. విన్న ప్రతి మాటనూ గదిలో ఎవరో ఒకరికి తగిలించి చూస్తాడు. అద్దెల గురించి చదివిన రోజు, ఇంట్లో ఒక మంచం అద్దెకిచ్చుకునే బ్రామర్ ముసలాయన్ని పట్టుకుని, "మీరూ ఓ చిన్నసైజు జమీందారేనన్నమాట" అన్నాడు. బ్రామర్ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

కుర్చీ పోతే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆదివారం ఇంట్లో తుక్కు ఆకుతో ఒక చుట్ట చుట్టి చూశాను. ముల్లంగిలా వచ్చింది. నా వేళ్ళు పనికిరాకుండా పోయాయి. ఇంకో చోట ఎవరు పెట్టుకుంటారు నన్ను?

5 అక్టోబర్

రెండు పేజీలు ఎగరగొట్టేశాను. గొంతు వణకలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

లూర్స్ మాత్రం చేతిలో చుట్ట ఆపి, "ఆగవయ్యా హిన్రిక్, ఈ 'అందువల్ల' ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఎందువల్ల?" అన్నాడు. రచయితలు అంతే అన్నాను. రేపు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువు అన్నాడు. అందరూ తలూపారు.

6 అక్టోబర్

గొంతు నొప్పి అన్నాను. పచ్చి అబద్ధం.

వెంటనే వీబ్కె, "పొగాకు ధూళి అన్నా, నీకు ఎన్నిసార్లు చెప్పాను మఫ్లర్ చుట్టుకోమని" అంటూ మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి ఉల్లిపాయ రసంలో కలకండ వేసి తెచ్చింది. బ్రామర్ తన సీసాలో రమ్ము నా కాఫీలో ఒంపేసి, "తాగు, గొంతు కాకపోతే బుద్ధయినా బాగవుతుంది" అన్నాడు. నా గంపలో చుట్టలు రోజూలాగే పడ్డాయి. ఒక్కొక్కటీ పడ్డప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయింది. వీళ్ళు తిట్టినా బాగుండేది.

7 అక్టోబర్

అబద్ధం నిజమైంది. గొంతు పూర్తిగా పోయింది.

10 అక్టోబర్, సోమవారం

నా బదులు వీబ్కె చదివింది. ప్రతి మాట కిందా వేలు పెట్టుకుని, పసిపిల్ల నడిచినట్టు. ఆమెకి పేజీలు ఎగరగొట్టడం తెలియదు. లూర్స్ చెప్పిన చోటి నుంచి మొదలుపెట్టింది. ఆ వాక్యం వచ్చింది. చదివాక ఆమెకే అర్థమై వేలు అక్కడే ఆగిపోయింది.

ఎవరూ నా వైపు చూడలేదు. అదే భరించలేకపోయాను.

లూర్స్ అన్నాడు, "అదీ సంగతి. మొన్న ఎగిరిపోయింది ఇదన్నమాట." బ్రామర్ నా తరఫున లేచాడు. "వీడు దోపిడీదారుడైతే మరి పొట్టేదిరా? చూడు, బెల్టుకి కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నాడు!" కొంతమంది నవ్వారు. లూర్స్ నవ్వలేదు. ఓటు పెడదాం అన్నాడు. ఈ గదిలో కిటికీ తీయాలన్నా ఓటే. చదవడం పనా, కాదా?

చేతులు లేచాయి. పని అనే ఎక్కువమంది అన్నారు. నాకు కన్నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. కుర్చీ దక్కిందనుకున్నాను.

లూర్స్ ఓడిపోయినవాడిలా లేడు. తాపీగా ఆకు చదును చేసుకుంటూ, "మంచిది. చదవడం పనైతే హిన్రిక్ కూలివాడు. కూలి ఇస్తున్నది మనం. అంటే మనం యజమానులం" అన్నాడు.

బ్రామర్ మొహం చూడాలి. యజమానుల మీద సమ్మెలు చేసి రెండుసార్లు ఊరు వదలాల్సివచ్చిన మనిషి. ఎవరో బూతు తిట్టినట్టు చూశాడు, అదీ లూర్స్‌ని కాదు, నన్ను. వాళ్ళని యజమానుల్ని చేసింది నేనే అయినట్టు.

11 అక్టోబర్

గొంతు బొంగురుగా కాస్త పెగిలింది. కూలివాణ్ణే కదా అని అడిగాను. గొంతు బాగయ్యేదాకా మధ్యాహ్నం కాఫీ తర్వాత చదువు వద్దు, వాటా మాత్రం మామూలుగా ఇవ్వండి అని. వీబ్కె ఒక్కతే సరేనంది.

మిగతావాళ్ళు కుదరదన్నారు. పని లేకుండా వాటా ఏమిటన్నారు. బ్రామర్ అయితే, "నచ్చకపోతే తలుపు అక్కడే ఉంది" అన్నాడు. పోయిన శీతాకాలం పొయ్యిలో బొగ్గు అడిగితే పీటర్సన్ గారు సరిగ్గా ఈ మాటే అన్నారు. అన్నాక బ్రామర్‌కీ అది గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

12 అక్టోబర్

సమ్మె చేశాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను, తెరవలేదు. నేనొద్దంటే తానూ చదవనంది వీబ్కె.

గదిలో కత్తుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ ఎరగను. బ్రామర్ ఒకే ఆకును తిప్పి తిప్పి చూశాడు. లూర్స్ ఆవులించాడు. మధ్యాహ్నానికి ఒక్కరి గంపా సగం దాటలేదు. నేను లోపల చస్తున్నాను, రేపు నన్ను పంపించేస్తారని.

13 అక్టోబర్

వీబ్కె దగ్గింది. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు, నేను చదవడం లేదుగా.

పీటర్సన్ గారు గంపలు చూసుకుంటూ బల్ల చుట్టూ తిరిగి, తిన్నగా నా దగ్గరికే వచ్చారు. "ఏమోయ్ హిన్రిక్, నీ గొంతు నా నెత్తికొచ్చింది. నువ్వు చదవకపోతే వీళ్ళకి చేతులాడవు. ఆ ఓడల సోది కాదు, రోజూ చదువుతావే, అదే చదువు. మెట్ల మీద నుంచుని వింటూనే ఉన్నాను కదా ఇన్నాళ్ళూ" అన్నారు. గొంతుకి మంచిదని ఒక బిళ్ళల పొట్లం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు.

 జైలు మాటే గుర్తురాలేదు. ఆయన ఎప్పుడో పట్టించగలిగీ ఎందుకు పట్టించలేదో అప్పుడర్థమైంది.

లూర్స్ అన్నాడు, మెల్లగా, మొదటిసారి ఎవరినీ పొడవకుండా: "అయితే హిన్రిక్‌కి కూలి ఇవ్వాల్సింది మనం కాదు, ఆయనన్నమాట."

14 అక్టోబర్

పొద్దున్నే గొంతు పూర్తిగా వచ్చేసింది. బల్ల దగ్గర అందరికీ చెప్పాను. పీటర్సన్ గారు పైకొచ్చి, తగ్గిందా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే బ్రామర్ అందుకున్నాడు: "ఎక్కడండీ, మూలుగు కూడా రావడం లేదు."