బావ ఎడమ చెయ్యి

మార్చి 9

ప్రియమైన బావకి,

నేను క్షేమం. ఫోన్‌లో ఊఁ, ఆఁ తప్ప నా నోట్లోంచి ఇంకేమీ రావడం లేదని అక్క విసుక్కుందట. అందుకే రాస్తున్నాను. రాయడమైతే నాకు ఫరవాలేదు.

ఈ కొత్త ఊళ్లోనూ అదే పని. కాలిపోయిన మోటార్లు విప్పి రాగితీగ మళ్లీ చుట్టడం. షెడ్డు పెద్దది, కిటికీలు అందనంత ఎత్తులో ఉన్నాయి. గది మూడో అంతస్తులో. పొద్దున్న ఆరింటికి డాబా ఎక్కి తాయ్ చీ కదలికల వరుస మొత్తం ఒక్కణ్ణే చేస్తాను. ఇరవై రెండు నిమిషాలు. అది ఒంటరిగా చేసుకోవచ్చు. ముంజేతులు ఆనించి ఒకరినొకరు కదిలించే పుష్ హ్యాండ్స్‌కి మాత్రం రెండో మనిషి కావాలి. డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంటే దాన్ని తోసి చూశాను. నీకంటే నయం, మాట్లాడదు.

రోజూ రాసుకునే పుస్తకం తెచ్చుకున్నాను. పదకొండేళ్లలో ఏ రోజు ఎవరు ఎవరి పాదం కదిలించారో అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం మీద ఎవరు ముందున్నారో చెప్పను, నువ్వు బాధపడతావు. కానీ చదువుతూ చదువుతూ పోయిన నవంబరు 17 దగ్గర ఆగిపోయాను. ఇలా రాశాను: "ఈరోజు బావ ఎడమ చెయ్యి లేదు. తోస్తే అక్కడ ఎవరూ లేరు. నేనే ముందుకి తూలాను."

ఆ రోజు మాస్టారు అన్నది నీకు గుర్తుండే ఉంటుంది. ఓడల్లో వంట చేస్తూ ఏదో రేవులో ఈ విద్య పట్టుకున్న ఆయనకే చెయ్యి అలా ఖాళీ కావడానికి పదిహేనేళ్లు పట్టిందట. "ఈ టైలరు నిన్నటిదాకా ఎద్దులా తోసేవాడు. ఇవాళ చూడండి, ఎలా వదిలేశాడో" అని అందరి ముందూ నీచేత చేయించి చూపించారు. ఆ తర్వాత నేను బయల్దేరేదాకా నిన్ను ఎడమవైపు నుంచి ఒక్కసారి కూడా కదపలేకపోయాను.

ఎలా చేశావు బావా? దాచుకోకుండా రాయి. ఆగస్టులో పోటీలున్నాయి. నలభై దాటినవాళ్లలో ఇద్దరం పేర్లిద్దాం.

బాగానే తింటున్నానని అక్కకి చెప్పు.

ఇట్లు
నీ బావమరిది


మార్చి 27

ప్రియమైన మౌనస్వామికి,

రెండు పేజీల ఉత్తరం. మా పెళ్లయిన ఈ ఇరవై నాలుగేళ్లలో నువ్వు నాతో ఇన్ని మాటలు ఆడలేదు. మీ అక్క రెండుసార్లు చదివి, "ఇది మావాడే రాశాడా, పక్కగదిలో వాళ్లెవరైనా రాసిపెట్టారా" అని అడిగింది.

ఎలా చేశానంటే ఏం చెప్పను? అది చేసేది కాదు, జరిగేది. తోసేవాడికి పట్టు దొరకనివ్వకూడదు. అంతకంటే నాకూ తెలీదు. మాస్టారు మాత్రం కొత్తవాళ్లు ఎవరొచ్చినా "ముందు టైలర్ గారి చెయ్యి ముట్టుకోండి" అని వరుసలో నిలబెడుతున్నారు. నా షాపు ముందు ఏనాడూ అంత వరుస లేదు.

మీ అక్క ఒక్కతే ఒప్పుకోవడం లేదు. మొన్న నిండు బిందె నా చేతిలోంచి జారి వంటగదంతా నీళ్లు. "తోసేవాళ్లకి పట్టు ఇవ్వకపోతే పోయావు, బిందెనైనా పట్టుకోవయ్యా" అంది. షాపులోనూ గుడ్డ జరిగిపోతుంటే మోచేత్తో నొక్కిపెట్టి కుడుతున్నాను. యాభై మూడొచ్చాయి కదా. మిషను కొత్తది, మనిషే పాతవాడు.

పోటీకి పేరిచ్చేశాను. నువ్వూ ఇవ్వు. ఎదురుపడితే మాత్రం బావ అని చూడకు.

నీ బావ


జూన్ 14

ప్రియమైన బావకి,

నాకు జోడీ దొరికాడు. క్రేను నడిపే మనిషి. నాకు రెండింతలుంటాడు. మొదటిరోజు "ఇదేం కుస్తీ, కొట్టుకోరా, పట్టుకోరా?" అని నవ్వాడు. నాలుగోరోజుకి నవ్వు ఆపాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరం సరుకు దింపే చోట నిలబడుతున్నాం.

నీలా చెయ్యాలని నలభై ఒక్క రోజులు ప్రయత్నించాను. చెయ్యి మెత్తబడుతోంది. అతను తోస్తే జారిపోతోంది. కానీ అతను చెయ్యి వెనక్కి తీసుకోగానే నా చెయ్యి దానంతటదే అతని వెంట పోతోంది. మాస్టారు చెప్పే "చేత్తో వినడం" అదే కదా. ఎదుటివాడు ఎటు పోతే అటు. నీ ఎడమ చెయ్యి అలా కాదు. నేను ఎక్కడ వదిలితే అక్కడే ఉండేది. నా లెక్కలో అది ఇంకా పైమెట్టు. అదెలాగో ఆగస్టులో దగ్గరుండి నేర్పాలి.

నీ బావమరిది


ఆగస్టు 12

బావమరిదికి,

ప్రియమైన అని రాయడానికి మనసొప్పలేదు. కోపం తగ్గాక కలుపుకుంటాలే.

నన్నొక్కటి అడగనీ. ఫైనల్లో ఆఖరి ఆట. ఇద్దరికీ సమానంగా ఉంది. నా ఎడమ మోచెయ్యి నీ అరచేతిలో ఉంది. నేను వలయం అంచున ఉన్నాను. ఒక్క తోపు చాలు. నువ్వేం చేశావు? ఎవరో పిలిచినట్టు అడుగులో అడుగు వెనక్కి వేసుకుంటూ పోయి నీవైపు గీత దాటేశావు. రిఫరీ నా చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నీ మొహమే చూస్తున్నాను. నువ్వు నా వైపు చూడలేదు. భోజనానికి కూడా ఆగకుండా బస్సెక్కేశావు. మీ అక్క కంచం పెట్టుకుని కూర్చుంది.

పదకొండేళ్లలో నువ్వు నాకు ఒక్క గెలుపు ఊరికే ఇవ్వలేదు. అందుకే నువ్వంటే నాకు గౌరవం. దయతలచి ఇచ్చిన పతకం నాకొద్దు. సంచిలో పెట్టి పంపిస్తున్నాను. నీ దగ్గరే ఉంచుకో.

నీ బావ


ఆగస్టు 19

ప్రియమైన బావకి,

పతకం అందింది. సంచి మూతి కుట్టింది అక్క. ఆ కుట్టు నాకు తెలుసు. టైలరు ఇంట్లో ఉండగా అక్క ఎందుకు కుట్టింది?

నేను దయతలచలేదు. భయపడ్డాను. నీ మోచెయ్యి నా చేతిలో ఉన్నప్పుడు, నువ్వు వెంట వస్తే లాగుదామని కొంచెం వెనక్కి తీసుకున్నాను. నీ చెయ్యి రాలేదు. పెట్టినచోటే ఉండిపోయింది. మెత్తని చెయ్యి వింటుంది బావా. నీ చెయ్యి వినడం లేదు. చొక్కా మీంచి పట్టుకుంటే కండ ఉండాల్సినచోట ఎముక తగిలింది. నా కాళ్లు వాటంతటవే వెనక్కి పడ్డాయి. గీత ఎక్కడుందో నేను చూడలేదు.

గదికి వచ్చి పుస్తకం తిరగేశాను. నవంబరు 17 నుంచి నేను బయల్దేరేదాకా అరవై నాలుగు రోజులు నీతో ఆడాను. అందులో పందొమ్మిదిసార్లు "బావ ఎడమ చెయ్యి అద్భుతం" అని రాశాను. డిసెంబరులో ఒకచోట "బావ చొక్కా గుండీ నన్ను పెట్టమన్నాడు" అని కూడా ఉంది. రాశాను, ముందుకి పోయాను.

మోటారు మూత తియ్యగానే ఏ చుట్టు కాలిందో వాసన పట్టి చెబుతాను. నీ చెయ్యి రోజూ పట్టుకుని కూడా చెప్పలేకపోయాను. తొమ్మిది నెలలు నీ జబ్బుని పొగిడాను. ఎలా వచ్చిందో నాకూ నేర్పమని వెంటపడ్డాను.

ఆ పేజీలు చింపి ఇందులో పెట్టాను. తేదీలున్నాయి. డాక్టరుకి చూపించు. వాయిదా వెయ్యకు. అక్కని తీసుకెళ్లు.

నీ బావమరిది


డిసెంబరు 3

ప్రియమైన బావమరిదికి,

అక్షరాలు మీ అక్కవి, మాటలు నావి. కుడిచెయ్యి కూడా ఇప్పుడు సంతకం వరకే వస్తోంది.

ఇన్నాళ్లూ పరీక్షలు, పెద్దాసుపత్రి అంటూ తిరిగాం. ఫోన్‌లో నీకు ముక్కలుముక్కలుగా తెలిసిందే. నరాలు ఎండిపోయే జబ్బు. పోయిన బలం తిరిగి రాదు. మందులు దాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తాయి, అంతే. షాపు మూసేశాను. మిషను మాత్రం అమ్మలేదు.

నీ కాగితాలు మా డాక్టరు మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి నా వైపు చూశాడు. పక్కన మీ అక్క ఉంది కాబట్టి ఊరుకున్నాడు. ఎందుకలా చూశాడో చెప్పాలి. ఏం విన్నా ఆపకుండా రాయమని మీ అక్కకి ముందే చెప్పాను.

పోయిన డిసెంబరులో, నువ్వింకా ఇక్కడ ఉండగానే, ఆయన దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. అప్పుడే అనుమానం చెప్పాడు. జనవరికి ఖాయమని తేల్చాడు.

తమ్ముడూ, ఈ మాట అక్కది. ఈ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. మిగతాది రేపు రాస్తాను.

డిసెంబరు 4

మీ అక్క నిన్నంతా నాతో మాట్లాడలేదు. మీ ఇంట్లో అందరికీ ఆ విద్య వచ్చు. సాయంత్రం షాపు తాళం తీసి వెతికి బొత్తాల డబ్బా పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అడుగున నేను దాచిన మాత్రలున్నాయి. జనవరి నుంచీ రోజూ వేసుకుంటూనే ఉన్నాను. కాబట్టి నీ పొగడ్త వల్ల నాకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఆ పేజీలు చింపేంత తప్పు నువ్వేం చెయ్యలేదు.

ఎందుకు చెప్పలేదంటావు. నవంబరులో మాస్టారు మెచ్చుకున్నప్పుడు నేనూ నిజమే అనుకున్నాను. పదకొండేళ్ల తర్వాత ఏదో పట్టుబడిందని పొంగిపోయాను. డాక్టరు మాట విన్న మర్నాడు నీకు చెబుదామనే వచ్చాను. నువ్వు చేతులు చాచి నిలబడి ఉన్నావు. చెబితే ఆ రోజు నుంచీ నన్నెవరూ తొయ్యరు. పగిలే సామాను పట్టుకున్నట్టు పట్టుకుంటారు. నువ్వు బలమంతా పెట్టి తోసినంతసేపూ నాకు ఏ జబ్బూ లేదు.

గీత దాటావని నీ మీద మండిపడింది అందుకే. నీకు తెలిసిపోయిందని నువ్వు వెనక్కి వేసిన మొదటి అడుగుకే నాకు తెలిసింది.

సెలవు పెట్టి రా. వస్తూ ఆ పుస్తకం తీసుకురా. కాళ్లు ఇంకా నేలని వదల్లేదు. డాబా మీద ఎదురెదురుగా నిలబడదాం. చేతులు నేను ఎత్తలేను, నువ్వే ఎత్తి నీ ముంజేతుల మీద పెట్టుకో. తర్వాత తొయ్యి. తగ్గించి తొయ్యకు. తగ్గిస్తే నాకు తెలుస్తుంది. వినడం ఇంకా పోలేదు.

నీ బావ

సంతకం ఆయనదే, తమ్ముడూ. చాలాసేపు పట్టింది. నేను వెనకాల నిలబడతాను. నువ్వు తొయ్యి.

అక్క