కంటిలో రాలిన రంగు

నాడీ, ఫిజీ,
9 ఆగస్టు 1986

సౌభాగ్యవతి కాంతకు సత్య ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ అమ్మా కులాసా. వునిమోలిలో మీ పుట్టింట నువ్వూ, కడుపులోని బిడ్డా, మామయ్యగారూ, అత్తయ్యగారూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కాళ్ళ వాపు తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. అమ్మ పాత చీరలతో బొంతలు కుడుతోంది. మూడయ్యాయి, చాలమ్మా అంటే వినదు.

శనివారాలు ఇంకా ఫుట్‌బాల్ ఆడుతున్నారా అని అడిగావు. మానేశాను. టాక్సీ నడపడమూ మానేశాను. కంగారుపడకుండా చదువు.

ఏడాదిగా ఆట ముగిసిన ప్రతిసారీ చూపు మసకబారేది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. కాసేపటికి సర్దుకునేది, అలసట అనుకున్నాను. పోయిన నెల మార్కెట్ దగ్గర, ఎడమ నుంచి డాలో దుంపల బుట్టతో వస్తున్న ఫిజియన్ ముసలమ్మ నాకు కనిపించలేదు. బండి బుట్టకు తగిలి దుంపలు రోడ్డంతా దొర్లాయి. ఆమెకు దెబ్బ తగల్లేదు. నేను దిగి దుంపలు ఏరబోతే ఆమే నా చెయ్యి పట్టుకుంది.

"భయ్యా, తుమ్ నై దేఖా?"

చూడలేదని మొదటిసారి ఒకరి ముందు ఒప్పుకున్నాను.

లౌటోకాలో కంటి డాక్టరమ్మ పరీక్షించింది. కంటిలోని రంగు తెర వెనక్కి వంగి, లెన్సును పట్టి ఉంచే సన్నని దారాలకు రాసుకుంటోందట. రాలిన రంగు పొడి, కంటిలోని నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటోంది. లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పరిగెత్తితే ఇంకా రాలుతుంది. "తెర ఎందుకలా వంగుతుందో మాకూ పూర్తిగా తెలీదు" అంది. ఎడమ పక్క పోయిన చూపు ఇక రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలి. రోజుకు నాలుగుసార్లు అమ్మే వేస్తోంది.

కాంతా, ఒక మాట దాచాను. నిన్ను పుట్టింటికి లబాసా విమానం ఎక్కించిన రోజు, ఆట సాధనకని పొద్దున్నే పరిగెత్తి వచ్చాను. టాక్సీలో నిన్ను తీసుకెళ్తుంటే దారంతా నీ మాటలు వినిపిస్తున్నాయి గానీ, పక్క సీటులో నీ ముఖం పొగలా ఉంది. చెబితే పని పోతుందని పళ్ళ బిగువున నడిపాను. ఆరు నెలల కడుపుతో నువ్వు నన్ను నమ్మి కూర్చున్నావు. అది గుర్తొస్తే అన్నం సయించడం లేదు.

బిడ్డకూ వస్తుందా అని డాక్టరమ్మను అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు. పెద్దయ్యాక చూపించండి. మీలా దాచుకోనివ్వకండి" అంది.

ఇప్పుడు టాక్సీ స్టాండులో ఫోను దగ్గర కూర్చుంటున్నాను. ఎంత కోపం వస్తే అంతా రాసి పంపు, రాయకుండా మాత్రం ఉండకు. కాన్పుకు తప్పకుండా వస్తాను. బిడ్డను నా చేతికిచ్చేటప్పుడు కుడివైపు నుంచి ఇవ్వు. బిడ్డ వేళ్ళలో ఒక్కటి కూడా నేను చూడకుండా పోకూడదు.

ఇట్లు,
నీ తిట్ల కోసమైనా ఎదురుచూసే
నీ భర్త,
సత్య