మూత లేని డ్రమ్ము

ఇబ్రహీంపట్నం,
సోమవారం

మీకు వందన రాసేది.

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, ఒత్తులు కూడా తప్పుతాయి, ఏమనుకోకండి. ఆరో తరగతితో బడి మానేసిన దాన్ని. ఫోన్ చేద్దామంటే అత్తమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది, నాకు సిగ్గు. అందుకే వ్యాన్ నడిపే రాజలింగం బావ సిరిసిల్లకు వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

కోరుట్ల నుంచి బావ తన వ్యాన్‌లో తెచ్చిన ఇనుప డ్రమ్ము వాకిట్లో ఉంది. ఎత్తలేక దొర్లించారు. మన పసుపు ఉడికి ఆరింది కదా, కొమ్ములను అందులో పోసి తిప్పి పాలిష్ పట్టడానికే కొడుకు పంపాడని అత్తమ్మ సంబరం. వాడకట్టులో అందరికీ వంతులు కూడా చెప్పేసింది. కానీ పసుపు పోసే మూత ఎటు తిప్పి చూసినా కనబడలేదు. పైన ఆ రబ్బరు తొడుగు ఎందుకు? తట్టి చూస్తే లోపల ఖాళీగా మోగింది. అదేమిటో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు.

ఇట్లు,
వందన

తా.క.: మూత లోపలి నుంచి తెరిచేదైతే, ముందు లోపలికి ఎవరు పోవాలి?

సిరిసిల్ల,
మంగళవారం

వందనకు,

అది పసుపు డ్రమ్ము కాదు. మా క్రషర్‌లో కంకరను పైకి మోసే పొడవాటి బెల్టు ఉంటుంది. మోటారు ఈ డ్రమ్మును తిప్పితే, డ్రమ్ము బెల్టును లాగుతుంది. పైన రబ్బరు అరిగితే బెల్టు జారుతుంది. అందుకే కోరుట్లలో కొత్త రబ్బరు వేయించాను. శనివారం ఇక్కడ బెల్టు విప్పుతారు, అందాకా మన వాకిట్లో ఉండి ఆ రోజు వ్యాన్‌లో రావాలి. అమ్మకు ఫోన్‌లో ఇదే చెబితే, "మూత లేంది అంటగట్టిండ్రు గదా, నేను చూసుకుంట తియ్యి" అని పెట్టేసింది.

ఇది మంచిగా బిగిస్తే నన్ను ఫిట్టర్‌ను చేసి, రూము ఇస్తానన్నాడు సేటు. అప్పుడు నిన్ను తీసుకొస్తాను. రూము ముచ్చట అమ్మకు నేనే వచ్చి చెబుతా. డ్రమ్మును మాత్రం ఎవరినీ ముట్టనివ్వకు.

నీ శ్రావణ్

తా.క.: నువ్వు లోపలికి పోకు.

ఇబ్రహీంపట్నం,
గురువారం

మీకు వందన రాసేది.

మీ ఉత్తరం అందిన పూటే అత్తమ్మ వెల్డింగ్ బాలకిషన్ మామను పిలిపించింది. డ్రమ్ము మీద సుద్దతో గీత గీసి, "గీడ మూరెడు కొయ్యి అన్నా, మూత మనమే పెడ్దాం" అన్నది. మామయ్య, వాడకట్టు పెద్దలు చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నేనేనాడూ నోరెత్తలేదు. బీడీల చాట పట్టుకుని వెళ్లి ఆ గీత మీద కూర్చున్నాను.

పెద్దలు నిలబడి ఉండగా కోడలు ఎక్కి కూర్చోవడం మన వాకిట్లో ఎవరూ చూసి ఉండరు. అయినా లేవలేదు, బీడీలు చుడుతూనే ఉన్నాను. అత్తమ్మ నా మొహం చాలాసేపు చూసి మెల్లగా అడిగింది.

"కండ్లు తిరుగుతున్నయా, బిడ్డా?"

తల ఊపాను. అబద్ధం కాదు, సిగ్గుతో నిజంగానే తిరుగుతున్నాయి.

"నా కోడలు నీళ్లోసుకున్నది. ఇగ ఈ వాకిట్ల నిప్పు రవ్వలు, చప్పుళ్లు వద్దు" అని బాలకిషన్ మామను పంపించేసింది. వాడకట్టంతా చక్కెర పంచింది. మీ డ్రమ్ము మీద సుద్ద గీత తప్ప ఏమీ లేదు. రూము సంగతి నేను చెప్పలేదు. సిరిసిల్ల పెద్దాసుపత్రి దగ్గరుంటే మంచిదని, శనివారం డ్రమ్ముతో పాటు నన్నూ వ్యాన్ ఎక్కిస్తానని అత్తమ్మే అంటోంది.

ఇట్లు,
వందన

తా.క.: నాకేమీ లేదు. అత్తమ్మ మాట అబద్ధం కాకుండా చూడడం ఇక మీ పని. ఈ ఉత్తరం చదవగానే కాల్చేయండి.