మిషన్ ఎత్తిన రోజు

పిల్లల నాన్నగారికి,

ముందు ‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. సిగ్గేసింది. పైన ఆ గీత కింద ఉన్నది అదే.

ఇక్కడ అందరం బాగున్నాం. పెద్దదానికి ముందు పన్ను ఊడింది. చిన్నాడు దాన్ని దాచేసి ఇవ్వనంటున్నాడు. మీరు పట్నం పనికి వెళ్ళాక మీ కుట్టుమిషన్ మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాను. ఇంకేం రాయాలి? రాయాల్సింది ఒకటుంది. ఫోనులో చెబుదామంటే అత్తయ్య స్పీకరు పెట్టుకుని పక్కనే కూర్చుంటారు. ఎదురుగా ఉన్నా నాకు నోరు పెగలదు, మీకు తెలుసు. అయిదో తరగతి చదువు ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చింది.

నాకు నెల తప్పింది. ఇరవై రోజులైంది.

ఆపరేషన్ అయి రెండేళ్ళయింది కదా అంటారు. నేనూ అదే అనుకుని, ఏదో అజీర్ణమని ఊరుకున్నాను. ఇవాళ ఆస్పత్రిలో నర్సమ్మ పరీక్ష చేసి రెండు గీతలు చూపించింది. “నేను ఆపరేషన్ అయినదాన్నండీ” అన్నాను. “ఆ ముక్క ఈ గీతలకి చెప్పు” అంది. తరవాత నవ్వడం మానేసి, రేపే స్కానింగుకి రమ్మంది. ఆపరేషన్ అయినవాళ్ళకి ఒక్కోసారి బిడ్డ గర్భసంచిలో కాకుండా గొట్టంలోనే ఉండిపోతుందట. అలా అయితే తల్లి ప్రాణానికే ముప్పట.

తప్పు నాదే. ఆపరేషన్ అయిన మూడో రోజు మీరు “బరువులు ఎత్తకు” అని చెప్పి గుండీలు కొనడానికి వెళ్ళారు. వాన పట్టుకుంది. కప్పు కారి సరిగ్గా మిషన్ మీద ధార. పిలిస్తే పలికేవాళ్ళు లేరు. బల్లతో సహా ఎత్తి అవతలి గోడవారకి పెట్టాను. లోపల ఎక్కడో పట్టు తప్పినట్టు అనిపించింది. ఆపరేషన్‌లో గొట్టానికి వేసిన ముడి అప్పుడే జారి ఉంటుంది. ముడుల సంగతి దర్జీవారికి నేను చెప్పాలా? రెండేళ్ళుగా మీ దగ్గర దాచాను.

ఇంకొకటి. పోయిన నెల మీరు మీ తమ్ముడి పెళ్ళికి వచ్చి నాలుగు రోజులున్నారు. ఆ తేదీలు లెక్కపెట్టుకోండి. వీధిలో ఎవరేమనుకున్నా పడతాను. మీరు మాత్రం సరిగ్గా లెక్కపెట్టండి.

ఇట్లు,
తప్పు చేసిన మీ భార్య


పలకని పిల్లల నాన్నగారికి,

ఉత్తరం అందిందని నిన్న ఫోనులో అన్నారు. “మిషన్ బాగుందా?” అన్నారు. పెట్టేశారు. నేను అంత రాస్తే మీరు అడిగింది మిషన్ని. బాగుంది. తుప్పు కూడా పట్టలేదు.

స్కానింగ్ సంగతి మీరు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఒక్కదాన్నే వెళ్ళే ధైర్యం లేక అత్తయ్యకి చెప్పేశాను. బట్టలు మడత పెడుతున్నారు. చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. తిడతారనుకుని తల దించుకున్నాను. “నావల్లేనే తల్లీ!” అన్నారు.

ఆపరేషన్ రోజు నాకు సూది గుచ్చుతుంటే చూసి మీరు వరండాలో కళ్ళు తిరిగి పడ్డారు కదా. మిమ్మల్ని ఇంటికి చేర్చాలి, బస్సు పోతుంది అని అత్తయ్య ఆ గది తలుపు మూడుసార్లు బాదారట. “తొందరగా కానివ్వండమ్మా” అని కేకలు కూడా వేశారట. ఆ కంగారులో డాక్టరమ్మ ముడి వదులుగా వేసిందని ఆవిడ నమ్మకం.

స్కానింగులో చూశారు, భయం లేదు. బిడ్డ ఉండాల్సిన చోటే ఉంది. మీ చొక్కాగుండీ అంత. మధ్యలో గుండె టుకుటుకుమంటోంది.

నేను మిషన్ సంగతి ఒప్పేసుకున్నాను. “బరువులు ఎత్తితే వచ్చేది కాదమ్మా. చాలా అరుదుగా ఆ గొట్టం తనంతట తనే అతుక్కుంటుంది. నీ తప్పు లేదు” అన్నారు అప్పుడు ఆపరేషన్ చేసిన ఆ డాక్టరమ్మే. “మరి నేను తలుపు బాదినందుకా?” అన్నారు అత్తయ్య. “దానికీ కాదు. కానీ ఆ రోజు నాకు ఒళ్ళు మాత్రం మండింది” అన్నారు.

ఉంచుకోవడమా వద్దా అన్నది మన ఇష్టమట, పది రోజుల్లో చెప్పమన్నారు. నాకు ఉంచుకోవాలని ఉంది. ఫలానాది కావాలని మిమ్మల్ని నేనెప్పుడూ అడగలేదు. ఇదే మొదలు. మీ లెక్క ఇంకా తేలకపోతే ఆ మాటే రాయండి. మిషన్ గురించి మాత్రం అడగొద్దు.

ఇట్లు,
మీ మిషన్ తరవాత మీ భార్య


ప్రియమైన ముగ్గురు పిల్లల నాన్నగారికి,

ఈసారి కొట్టెయ్యలేదు.

మీ ఉత్తరం పెరట్లో ఆరేసిన దుప్పటి చాటున చదివాను. “అమ్మ స్పీకరులో వింటుంటే నేను మాత్రం ఏం అడగను? నోటికి మిషనే వచ్చింది” అని రాశారు. ఆ ముక్కకే సగం కోపం పోయింది. “తేదీలు లెక్కపెట్టమన్నావు. పెట్టలేదు. గుండీలు లెక్కపెడతాను, గజాలు లెక్కపెడతాను, నీ దగ్గర నాకు లెక్కేమిటి?” అన్నారు. మిగతా సగం అక్కడ పోయింది. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను.

మీరూ దొంగేనన్నమాట! ఆస్పత్రి నుంచి ఆటోలో గతుకుల రోడ్డు మీద నన్ను తెచ్చినందుకే ముడి ఊడిందని, నా మొదటి ఉత్తరం చూశాక వారం రోజులు నిద్రపోలేదా? అత్తయ్య అంత బాదినా ఆ బస్సు దొరకనేలేదు, అందుకే కదా ఆటో. ఒక్క ముడికి ముగ్గురం దొంగలం. ముడి మాత్రం పాపం ఎవరినీ ఏమీ అనలేదు.

“నీకు ఒకసారి చాలు. కాన్పు అయ్యాక ఆపరేషన్ నేను చేయించుకుంటాను” అని చివర రాశారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొద్దస్తమానం సూదితో బతికే మనిషి, డాక్టరు సూది చూస్తే నేల మీద ఉండే మనిషి! కళ్ళు మూసుకోండి, చెయ్యి నేను పట్టుకుంటాను. తరవాత కొన్నాళ్ళు మిషన్ ముట్టుకోవద్దు. వాన వస్తే నేనూ అత్తయ్యా దాన్ని చెరోపక్కా పట్టుకుని జరుపుతాం.

అత్తయ్యకి చెప్పాను. “నా కొడుక్కా!” అని కేకేశారు. తరవాత కొంగు సర్దుకుని అన్నారు: “సరేలే. ఈసారి తలుపు జోలికి పోను. నిదానంగా కానివ్వమను. ఆఖరి బస్సు పోయినా సరే, నడిచొద్దాం.”

ఇట్లు,
ఏ తప్పూ చెయ్యని మీ భార్య